ఫ్లెక్సీలో ఎవురి ఫోటో పెట్టల్ల?

2023 జనవరి 24, మంగళవారం. మా పాత విద్యార్థుల సమావేశానికి బ్యానర్ చేయించుకుందామని అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర ఒక ఫ్లెక్సీ దుకాణంలో కూర్చున్నాను. సాయంత్రం ఏడు దాటింది. అమెరికా పశ్చిమ తీరంలో అప్పటికి తెల్లవారుజాము ఐదున్నర. అక్కడ ఆస్కార్ నామినేషన్లు చదువుతున్నారు. ఇక్కడ దుకాణం మెట్ల మీద నలుగురు కుర్రాళ్లు ఒకే ఫోన్ మీదికి వంగి చూస్తున్నారు. పాటల విభాగంలో 'ఆర్ఆర్ఆర్' సినిమాలోని 'నాటు నాటు' పేరు వినబడగానే వాళ్లు వేసిన కేకకు పక్కన జ్యూస్ బండాయన మిక్సీ ఆపేసి వచ్చాడు.

ఐదు నిమిషాల్లో ఆర్డరు ఇచ్చేశారు. "అన్నా, పది బై ఎనిమిది. రాత్రికే కావల్ల. పొద్దున్నే సర్కిల్లో కట్టల్ల." డిజైన్ చేసే పిల్లోడు కంప్యూటర్లో పాత ఫైలు తెరిచాడు. అటొకరు ఇటొకరు ఇద్దరు హీరోలు నిలువెత్తున, నడుమ దర్శకుడు, కింద కుర్రాళ్ల పాస్‌పోర్టు ఫోటోలు వరసగా. పైన బంగారు రంగు ఆస్కార్ బొమ్మ అతికించి, అక్షరాలు టైపు చేయబోతూ ఆగాడు. "నామినేషన్ ఎవురికొచ్చిందప్పా? ఎవురి పేరు రాయల్ల? ఎవురి ఫోటో పెట్టల్ల?"

ఎవరూ మాట్లాడలేదు.

"సినిమాకొచ్చింది. అందరికీ వచ్చినట్లే" అన్నాడొకడు. ఇంకొకడు ఫోన్‌లో జాబితాను పైకీ కిందికీ జరిపి చూస్తున్నాడు. "బెస్ట్ యాక్టర్‌లో మనోడి పేరు ల్యాదే. రేసులో ఉన్నాడని అమెరికా పేపర్లోనే ఏసినారు గదా?" ఆ మాటతో సంబరం చల్లబడింది. "మనోళ్లకు యాడిస్తార్లే" అన్నాడు మూడోవాడు. పది నిమిషాల ముందు వెలిగిపోయిన ముఖాలు, ఏదో అన్యాయం జరిగిపోయినట్టు ముడుచుకున్నాయి.

ఆ ముఖాలు నేను మర్చిపోలేదు. ఏటా ఏదో ఒక అవార్డు జాబితా వచ్చినప్పుడు మన ఊళ్లలో ఇదే జరుగుతుంది. అభిమానుల కోపం తప్పని నేననను. సినిమాను అంతగా ప్రేమించినవాడికే ఆ కోపం వస్తుంది. అయితే ఆ కోపం చాలాసార్లు వేరేవాళ్ల ఇంటి తలుపు తడుతుంది. ఒక జాబితా వెనక ఎవరు ఓటేశారు, ఆ ఓట్లు ఎట్లా లెక్కపెట్టారు అన్నది తెలిస్తే, ఎవరిని ఏమని అడగాలో కూడా తెలుస్తుంది.

ముందుగా మాటల దగ్గరే పెద్ద చిక్కుంది. ఆ నామినేషన్లకు రెండు వారాల ముందు, జనవరి మొదట్లో, టీవీల కింద స్క్రోలింగులు పరుగెత్తాయి. ఫలానా సినిమా ఆస్కార్‌కు షార్ట్‌లిస్ట్ అయిందని ఒకటి, ఫలానాది కూడా అయిందని ఇంకొకటి. నిజానికి అప్పుడు ఆస్కార్లు ఇచ్చే సంస్థ అయిన అకాడమీ విడుదల చేసింది 301 సినిమాల పట్టిక. అమెరికాలో వాళ్లు చెప్పిన నగరాల్లో ఏదో ఒకచోట కనీసం ఏడు రోజులు థియేటర్లో ఆడి, కాగితాలు సరిగ్గా సమర్పించిన సినిమాలన్నీ అందులో ఉంటాయి. ఓటు వేసే సభ్యులకు గుర్తు చేయడానికి ఇచ్చే పట్టిక అది. హాల్ టికెట్ వచ్చిందంటే పరీక్ష రాయనిస్తారని అర్థం, ర్యాంకు వచ్చిందని కాదు.

షార్ట్‌లిస్ట్ వేరు. అది అంతకు ముందే, 2022 డిసెంబరు 21న వచ్చింది. ఆ ఏడు పాటల విభాగంలో 81 పాటలకు అర్హత ఉంటే, వాటిని 15కు కుదించారు. 'నాటు నాటు' ఆ 15లో నిలిచింది. తర్వాత జనవరిలో ఆ 15లోంచి ఐదింటిని తీశారు. నామినేషన్ అంటే ఆ ఐదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. షార్ట్‌లిస్ట్ అన్ని విభాగాలకూ ఉండదు. పాటలు, నేపథ్య సంగీతం, విజువల్ ఎఫెక్ట్స్, సౌండ్, మేకప్, డాక్యుమెంటరీ, ఇతర దేశాల సినిమా వంటి కొన్నింటికే ఉంటుంది. నటులకు, దర్శకులకు, ఉత్తమ చిత్రానికి అప్పట్లో షార్ట్‌లిస్టే లేదు. కాబట్టి 'ఉత్తమ నటుడి షార్ట్‌లిస్టులో మన హీరో' అని ఆ ఏడు ఎవరు పంపినా అది నిజం కాదు. అమెరికా పత్రికల్లో వచ్చినవి సినిమా విలేకరులు వేసుకున్న అంచనాలు. అవి చదవడంలో తప్పు లేదు. మన వాడి పేరు అక్కడ కనబడితే ఎవరికైనా గుండె పొంగుతుంది. కానీ ఆ జాబితాతో అకాడమీకి సంబంధం లేదు. రాని నామినేషన్‌ను ఎవరో గుంజుకున్నారని ఆ కుర్రాడు బాధపడింది ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్లే.

రెండో చిక్కు, 'ఇండియా నుంచి ఎందుకు పంపలేదు' అన్నది. ఇతర దేశాల సినిమా విభాగానికి ఒక దేశం ఒక్క సినిమానే పంపాలి. మన దేశంలో ఆ ఎంపిక ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నియమించే కమిటీది. 2022లో వాళ్లు గుజరాతీ సినిమా 'ఛెల్లో షో'ను ఎంచుకున్నారు. ఆ వార్త వచ్చిన రోజు మా ఊరి టీ అంగళ్లలో వినబడిన మాటలు ఇక్కడ రాయలేను. ఆ సినిమా చూడకుండానే తిట్టినవాళ్లే ఎక్కువ. తర్వాత అది 15 సినిమాల షార్ట్‌లిస్టు దాకా వెళ్లింది, ఐదులోకి రాలేదు. ఇన్నేళ్లలో ఆ విభాగంలో మన దేశానికి దక్కిన నామినేషన్లు మూడే: 'మదర్ ఇండియా', 'సలామ్ బాంబే', 'లగాన్'. తెలుగు నుంచి దేశం తరఫున వెళ్లిన సినిమా 'స్వాతిముత్యం', 1986లో.

అయితే దేశం పంపడం ఒక దారి మాత్రమే. మిగిలిన విభాగాలన్నింటికీ నిర్మాతలు నేరుగా వెళ్లవచ్చు. 'ఆర్ఆర్ఆర్' వెళ్లింది ఆ దారినే. ఆ ఏడు మన దేశానికి వచ్చిన మూడు నామినేషన్లలో ఒక్కటి కూడా దేశం పంపిన సినిమాకు రాలేదు. పాట ఒకటి, మిగతా రెండూ డాక్యుమెంటరీలు: 'ఆల్ దట్ బ్రీత్స్', 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. ఆ రెండింటికీ మన ఊళ్లో ఎవరూ ఫ్లెక్సీ కట్టలేదు. రెండోది ఆస్కార్ గెలిచింది కూడా.

ఇక అసలు లెక్క. దీన్ని అర్థం చేసుకోవడానికి మన జిల్లాలవాళ్లకు హాలీవుడ్ దాకా పోవాల్సిన పని లేదు. సరిగ్గా ఆస్కార్ వేడుక జరిగిన ఆ 2023 మార్చి నెలలోనే, మన కళ్ల ముందే, అదే పద్ధతిలో రెండు ఎన్నికలు జరిగాయి.

మార్చి 23న శాసనసభ్యుల కోటాలో ఏడు ఎమ్మెల్సీ స్థానాలకు పోలింగ్ జరిగింది. సభలో 175 మంది. ఒక స్థానం గెలవాలంటే ఎన్ని ఓట్లు కావాలి? స్థానాలు ఏడు, దానికి ఒకటి కలిపితే ఎనిమిది. 175ను ఎనిమిదితో భాగిస్తే 21 దాటి వస్తుంది, అంటే 22 ఓట్లు. ఆ రోజుల్లో టీవీ చూసిన ప్రతి ఒక్కరి నోటా ఈ 22 నలిగింది. మిగిలిన 153 మంది మొహం తిప్పుకున్నా, 22 మంది ఒకటో నంబరు వేస్తే మనిషి గెలిచినట్లే.

ఆస్కార్ నామినేషన్లు తేల్చేది దాదాపు ఈ సూత్రంతోనే. నటులను నటుల విభాగం సభ్యులే నామినేట్ చేస్తారు, దర్శకులను దర్శకులు, ఎడిటర్లను ఎడిటర్లు. ఉత్తమ చిత్రానికి మాత్రం అందరూ ఓటేస్తారు. ప్రతి సభ్యుడూ తనకు నచ్చిన ఐదు పేర్లు ఒకటి, రెండు, మూడు అని వరస వేసి రాస్తాడు. నామినేషన్లు ఐదు, ఒకటి కలిపితే ఆరు. లెక్క కోసం 1200 మంది నటులు ఓటేశారనుకుందాం. ఆరుతో భాగిస్తే 200, ఇంకొకటి కలిపితే 201. ఒకటో నంబర్లు 201 వచ్చినవాడు లోపలికి వెళ్లినట్టే. ఎవరికీ చాలకపోతే, అందరికంటే తక్కువ ఒకటో నంబర్లు వచ్చినవాడిని తీసేసి, ఆ బ్యాలెట్లను వాటి మీద రెండో నంబరు ఉన్నవాళ్లకు పంచుతారు. ఐదు స్థానాలు నిండేదాకా ఇట్లాగే సాగుతుంది.

మన కుర్రాళ్లను బాధపెట్టిన సంగతికి ఇక్కడ జవాబు దొరుకుతుంది. వెయ్యి మందికి ఒక నటుడు బాగా నచ్చాడు, అందరూ అతన్ని మూడో స్థానంలోనో నాలుగో స్థానంలోనో రాశారు, ఒకటో నంబరు మాత్రం ఎవరూ వేయలేదు అనుకోండి. మొదటి రౌండులోనే అతని పేరు ఎగిరిపోతుంది. 'అందరూ మెచ్చుకున్నారు కదా' అన్న మాటకు ఈ లెక్కలో చోటు లేదు. కొంతమందైనా ప్రాణం పెట్టి, మిగతా అందరికంటే ముందు నువ్వే అనాలి. నామినేషన్ దక్కకపోవడం వేరు, నచ్చకపోవడం వేరు. ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో అకాడమీ ఎప్పుడూ బయటపెట్టదు కాబట్టి, 'ఒక్క ఓటుతో పోయింది', 'కావాలని తొక్కేశారు' అని వచ్చే మెసేజీలకు ఏ ఆధారమూ ఉండదు.

ఒకటో నంబరు వేయించుకోవాలంటే ముందు సినిమా చూపించాలి. 'ఆర్ఆర్ఆర్' బృందం చేసింది అదే. లాస్ ఏంజెలెస్ చైనీస్ థియేటర్లో 2022 సెప్టెంబరు చివర వేసిన ప్రదర్శనలో, పాట రాగానే అమెరికావాళ్లు సీట్లలోంచి లేచి తెర ముందుకు పోయి గంతులు వేసిన వీడియో మనమంతా చూశాం. మన దగ్గర బెనిఫిట్ షోలో కాగితాలు ఎగరేసే ఆనందమే అది. ఆ వేడి పాట మీద నిలిచింది. సంగీత విభాగం వాళ్ల బ్యాలెట్లలో అది ఐదులోకి వచ్చింది.

నామినేషన్ల తర్వాత పద్ధతి మారుతుంది, ఇది చాలామందికి తెలియదు. తుది ఓటింగులో విభాగాల గీతలు చెరిగిపోతాయి. పాటకైనా, ఎడిటింగుకైనా, నటనకైనా సభ్యులంతా ఓటేయవచ్చు. ఆ ఏడు ఓటు హక్కున్నవాళ్లు తొమ్మిదిన్నర వేల మంది. అక్కడ వరస నంబర్లు లేవు, ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లదే. ఒక్క ఉత్తమ చిత్రానికి మాత్రం పది సినిమాలకూ వరస వేయాలి, సగం దాటేదాకా చివరివాడిని తీసేస్తూ పోవాలి.

ఈ చివరి పద్ధతినీ మన ఊరు చూసింది. 2023 మార్చి 13, సోమవారం. మన కాలమానం ప్రకారం పొద్దున ఐదున్నరకే ఆస్కార్ వేడుక మొదలైంది. అదే రోజు కడప, అనంతపురం, కర్నూలు ఉమ్మడి జిల్లాలు కలిసిన పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి పోలింగ్. నేను ఓటు స్లిప్పు జేబులో పెట్టుకుని ఉగ్గాని బజ్జీ బండి దగ్గర నిలబడ్డాను. బండాయన ఫోన్‌ను బొరుగుల డబ్బాకు ఆనించి పెట్టాడు. పాటకు అవార్డు ప్రకటించగానే, బజ్జీ నూనెలో మాడిపోతున్నా ఆయన గరిటె కదపలేదు. సంగీత దర్శకుడు కీరవాణి వేదిక మీద మైకు ముందు నిలబడి ఉన్నంతసేపూ బండి చుట్టూ నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

పోలింగ్ కేంద్రం బయట క్యూలో నా ముందున్న కుర్రాడు ఒక మంచి ప్రశ్న అడిగాడు. "సార్, రెండో ప్రాధాన్యం ఇంకొకరికి ఏస్తే, మనం ఒకటేసినోడికి దెబ్బ తగులుతుందా?" తగలదు. మీరు ఒకటో నంబరు వేసినవాడు పోటీలో ఉన్నంత కాలం మీ రెండో నంబరు వైపు ఎవరూ చూడరు. అతను తప్పుకున్నాకే అది లేస్తుంది. ఆ ఎన్నికలో మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ సగం దాటలేదు. 16న మొదలైన లెక్కింపు 18 దాకా సాగి, రెండో ప్రాధాన్యాల మీద తేలింది. మొదటి రౌండు చూసి సంబరాలు చేసుకున్నవాళ్లు, మొదటి రౌండు చూసి ఇంటికి పోయినవాళ్లు, ఇద్దరూ తొందరపడినవాళ్లే. ఆస్కార్ ఉత్తమ చిత్రం కూడా ఇట్లాగే తేలుతుంది కాబట్టి, అక్కడ ఎక్కువమందికి రెండో మూడో స్థానంలో నచ్చిన సినిమాకూ బలం ఉంటుంది. అంటే నామినేషన్ దగ్గర పిచ్చి ప్రేమ గెలిపిస్తుంది, చివర్లో అందరి ఆమోదం గెలిపిస్తుంది. ఒకే అవార్డులో రెండు వేరువేరు గుణాలకు పరీక్ష.

ఫ్లెక్సీ దుకాణంలో ఆ పిల్లోడి ప్రశ్నకు ఆ రాత్రి నేను చెప్పిన జవాబు: ఈ నామినేషన్ ఇద్దరిది, బాణీ కట్టిన కీరవాణిది, పాట రాసిన చంద్రబోస్‌ది. పాడినవాళ్లకు రాదు, ఆడినవాళ్లకు రాదు, ఆడించినవాళ్లకూ రాదు. ఇద్దరి ఫోటోలూ ఫైలులో లేవు. కీరవాణి ఫోటో వెంటనే దొరికింది. చంద్రబోస్ ఫోటో వెతుకుతుంటే నలుగురిలో చిన్నవాడు స్క్రీన్ దగ్గరికి వచ్చి, "ఈయప్పేనా రాసింది? ఈ పాట నాకు మొత్తం నోటికొచ్చు" అన్నాడు. మొత్తం నోటికి వచ్చినా, రాసినాయన ముఖం అదే మొదటిసారి చూడటం. దర్శకుడి పక్కన ఆ ఇద్దరినీ గుండ్రటి చట్రాల్లో పెట్టారు. హీరోల సైజు తగ్గించడానికి మాత్రం ఒప్పుకోలేదు. అది వాళ్ల ప్రేమ, దాన్ని నేనేమీ అనలేదు.

"మరి ఆ స్టెప్పు ఏయించినాయనకు?" అన్నాడు వాడే. ఆ రోజు నా దగ్గర మంచి జవాబు లేదు. ఆస్కార్‌లో నృత్య దర్శకత్వానికి విభాగం లేదు. ఏడు నెలల తర్వాత, 2023 ఆగస్టు 24న, 69వ జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు ఆ జవాబు దొరికింది. ఉత్తమ నృత్య దర్శకుడు ప్రేమ్ రక్షిత్. ఒకచోట తలుపే లేని పనికి ఇంకోచోట పీట వేశారు. ఫైట్లదీ అదే కథ. మన జాతీయ అవార్డుల్లో యాక్షన్ దర్శకత్వానికి అప్పటికే గౌరవం ఉంది, ఆస్కార్‌లో స్టంట్ డిజైన్ విభాగం 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలవుతుందని ప్రకటించారు.

జాతీయ అవార్డుల దగ్గర మన అభిమానులు ఇంకో రకంగా దెబ్బ తింటారు. వాటికి నామినేషన్లే ఉండవు. ప్రతి ఏడూ ప్రకటనకు వారం ముందు 'జాతీయ అవార్డు నామినేషన్లు ఇవే' అని ఫోన్లలో తిరిగే జాబితాలు ఎవరో అల్లినవి. అక్కడ జరిగేది ఇది: ఆ ఏడాది జనవరి 1 నుంచి డిసెంబరు 31 మధ్య సెన్సార్ సర్టిఫికెట్ పొందిన సినిమాలను నిర్మాతలే దరఖాస్తు చేసి పంపాలి. ప్రాంతీయ జ్యూరీలు చూసి కొన్నింటిని పైకి పంపుతాయి, కేంద్ర జ్యూరీ తేలుస్తుంది. దరఖాస్తే చేయని సినిమా ఎంత గొప్పదైనా జ్యూరీ కంట పడదు. 'మా సినిమాకెందుకు రాలేదు' అని ఢిల్లీని తిట్టే ముందు 'మా సినిమాను పంపారా' అని నిర్మాతను అడగాలి.

జ్యూరీ అంటే గదిలో కూర్చుని సినిమా మొత్తం చూసి, మాట్లాడుకుని తేల్చే కొద్దిమంది. వేల ఓట్ల లెక్కకు దొరకనివి వీళ్లకు దొరుకుతాయి. అదే 69వ అవార్డుల్లో అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యాడు, ఒక తెలుగు నటుడికి అది రావడం అదే మొదటిసారి. మా ఊరు ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ జాబితాలోనే ఇంకో వరుస ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఉత్తమ గీత రచయిత చంద్రబోస్, 'కొండపొలం' సినిమాలో పాటకు. ఆ సినిమాకు మూలం కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల. నీళ్లు లేని ఏడాది గొర్రెల మందను నల్లమలకు తోలుకుపోయే మన సీమ కాపరుల బతుకు అది. వసూళ్లలో నిలబడలేదు. ఓటింగ్ పెట్టి ఉంటే దాని పేరు ఎక్కడా వినబడేది కాదు. ఒక పాట ద్వారా మన కరువు దేశం చెవిన పడింది. జ్యూరీ పద్ధతి మీద నాకు ఎన్ని అనుమానాలున్నా, ఈ ఒక్క వరుస కోసం దానికి దండం పెడతాను.

ఇది మనకు కొత్తా కాదు. జాతీయ అవార్డులు పెట్టిన తొలి ఏళ్లలోనే, 1954 సినిమాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచిన 'పెద్దమనుషులు' తీసింది తాడిపత్రి బిడ్డ కె.వి.రెడ్డి. మరుసటి ఏడాది 'బంగారు పాప'తో అదే గౌరవం తెచ్చుకున్న బి.ఎన్.రెడ్డి కడప జిల్లా పులివెందుల ప్రాంతం వాడు. 1974కు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆయనదే, 1986కు ఆయన తమ్ముడు నాగిరెడ్డిది. సినిమాను చూసి అరవడమే కాదు, తీయడం కూడా ఈ నేలకు తెలుసు.

ప్రైవేటు సంస్థల అవార్డుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. దక్షిణాది సినిమాలకిచ్చే సైమా వంటివాటిలో నామినేషన్ల జాబితా ముందే ఇచ్చి, విజేతల కోసం అభిమానుల చేత ఆన్‌లైన్లో ఓటు వేయిస్తారు. అక్కడ తేలేది ఎవరి అభిమానులు ఎంత పట్టుగా ఓటేశారన్నది. ఆ మాట వాళ్లు దాచలేదు కూడా. అది తెలిసి ఓటేస్తే బాధ ఉండదు.

నాకు నిజంగా బాధ కలిగించేది నంది.

హిందూపురం నుంచి లేపాక్షికి పోతే, గుడికి కొద్ది దూరంలో రోడ్డు పక్కన నంది కనబడుతుంది. ఒకే రాతిలో తొలిచిన విగ్రహం, పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడవు. మెడలో గంటల పట్టెడ, ఒక్కో గంట విడివిడిగా చెక్కి ఉంటుంది. దగ్గరికి పోయి చూస్తే వీపు మీద వేసిన అలంకారంలో దారపు పోగుల్లాంటి గీతలు కూడా తెలుస్తాయి. రాష్ట్ర ప్రభుత్వం 1964లో సినిమాలకు అవార్డులు మొదలుపెట్టినప్పుడు పేరు తీసుకున్నది ఈ నంది దగ్గరే. 2022 దాకా లేపాక్షి మా అనంతపురం జిల్లాలోనిదే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఐదు దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో ఎవరు గొప్ప అన్న మాటకు మన రాయి ముద్ర వేసింది. ఇంట్లో నంది ఉందంటే అది ఆ ఇంటికి పేరు.

ఆ అవార్డులకు కూడా నామినేషన్లు బయటపెట్టే అలవాటు లేదు. ప్రభుత్వం వేసిన జ్యూరీ చూస్తుంది, విజేతల పేర్లు వస్తాయి, అంతే. 2014, 2015, 2016 మూడేళ్ల అవార్డులూ కలిపి 2017 నవంబరు 14న ప్రకటించినప్పుడు పెద్ద గొడవే లేచింది. పక్షపాతం అన్నారు, ప్రాంతం అన్నారు, కులం అన్నారు. సినిమా పెద్దలే బహిరంగంగా మాట్లాడారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నంది ఊసే లేకుండా పోయింది. తెలంగాణ గద్దర్ పేరుతో తన అవార్డులు తాను మొదలుపెట్టి, 2025 జూన్ 14న హైదరాబాద్‌లో ఇచ్చింది కూడా.

ఆ గొడవలో ఏ పక్షానిది న్యాయమో తేల్చడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు, మీ దగ్గరా ఉండదు. నా ఫిర్యాదు అదే. ఆస్కార్ ఓట్లు రహస్యమే అయినా, అర్హత పొందిన 301 సినిమాల పేర్లు, 15 పాటల పేర్లు, చివరి ఐదుగురి పేర్లు అందరి ముందూ ఉన్నాయి. అందుకే అనంతపురం మెట్ల మీద కూర్చున్న కుర్రాడు కూడా పద్ధతి తెలిస్తే ఏ మెట్టు దగ్గర ఏమైందో వేలు పెట్టి చూపించగలడు. నంది దగ్గర ఆ మెట్లే కనబడవు. గెలిచిన ఒక్కరు కనబడతారు, మిగిలినవాళ్లంతా ఒకే చీకట్లో ఉంటారు. చివరి నలుగురిలో నిలిచి ఓడిన నటుడికీ, అసలు దరఖాస్తే చేయని సినిమాలో నటించినవాడికీ తేడా తెలియదు. తెలియనిచోట ప్రతి అభిమానీ తన హీరోను దోచుకున్నారనే నమ్ముతాడు. వాడిని ఎట్లా తప్పుపడతాం?

పైగా నామినేషన్ అన్నది ఓడిపోయినవాడికి కూడా దక్కే గౌరవం. ఒకసారి ఆస్కార్‌కు నామినేట్ అయిన ఎడిటర్ పేరు పక్కన ఆ మాట జీవితాంతం ఉంటుంది. మన దగ్గర ఒక చిన్న సినిమాకు మొదటిసారి మాటలు రాసిన కుర్రాడు, జ్యూరీ గదిలో చివరిదాకా పోటీ ఇచ్చాడనుకోండి. అతనికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. కర్నూల్లో ఉన్న వాళ్లమ్మకూ తెలియదు.

నందిని తిరిగి నిలబెట్టేవాళ్లు ఎవరైనా కానీ, నేను అడిగేది కోట్ల రూపాయల వేదిక కాదు. ఏ ఏ సినిమాలు దరఖాస్తు చేశాయో ఒక పట్టిక పెట్టండి. జ్యూరీలో ఎవరున్నారో ముందే చెప్పండి. ప్రకటనకు నెల ముందు ప్రతి విభాగానికీ ఐదు పేర్లు బయటపెట్టండి. గెలిచినవాళ్లను ఎందుకు ఎంచుకున్నారో, జ్యూరీ తన మాటల్లో, తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలి. ఆ ఐదు పేర్లు మొదటిసారి చదివే కార్యక్రమం హైదరాబాద్ హోటల్లోనో విజయవాడ హోటల్లోనో వద్దు. లేపాక్షిలో ఆ రాతి నంది ముందు, సాయంత్రం ఎండ తగ్గాక, బారికేడ్ల ఇవతల అభిమానులను నిలబెట్టి చదవండి. హిందూపురం బస్సుకు నేనూ వస్తాను.